వారం రోజులు కార్జం వద్దు

మా ల్యాబు కిటికీ దగ్గరికి రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళు ముఖం చిట్లిస్తారు, మలం డబ్బా తెచ్చేవాళ్ళు ముఖం దాచుకుంటారు. డబ్బాని నల్ల కవరులో చుట్టి, ఆ కవరుని బట్టల షాపు సంచిలో పెట్టి, ఎవరూ చూడకుండా కౌంటరు మీదికి తోసి చల్లగా జారుకుంటారు. వాళ్ళని వెనక్కి పిలిచి పేరు రాయించుకోవాలి. ఇరవై ఆరేళ్ళుగా నా ఉదయాలు ఇలాగే మొదలవుతున్నాయి. చర్చిలో ఎవరైనా ఏం పని చేస్తారండీ అంటే హాస్పిటల్లో అంటాను. ఇంకాస్త లాగి అడిగినవాళ్ళు, ప్రేమవిందుకు ముందు అడగకుండా ఉండాల్సింది అనుకుంటారు.

ప్రకాశం జిల్లా నుంచి పెళ్ళయి ఈ కన్నడ ఊరొచ్చాను. కాడుగోడి దాటాక ఉన్న ఒక మోస్తరు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. మైక్రోస్కోపు మీద వంగీ వంగీ మెడ ఒక పక్కకి సెటిలైపోయింది. ఇప్పుడన్నీ మిషన్లే చేస్తాయి కదా అంటారు కొత్తగా చేరిన పిల్లలు. రక్తం సంగతి నిజమే. మలం మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు కళ్ళతో చూడాల్సిందే. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. విసుగొచ్చిందని చెప్పడానికి కూడా విసుగొచ్చే దశలో ఉన్నాను.

ఒకామె కాడుగోడి సంతలో ఆకుకూరలు అమ్మేది. అరవై దాటిన మనిషి. తాతల నాటి నుంచి ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఆకుకూర అనదు, కన్నడవాళ్ళలా సొప్పు అంటుంది. ఒళ్ళంతా దురదలు, కళ్ళు పచ్చబడ్డాయి అని కూతురు తీసుకొచ్చింది. కార్జం నుంచి పైత్యరసం దిగే గొట్టం ఒకచోట సన్నబడిపోయి, దాని పైభాగమంతా ఉబ్బి స్కానింగులో కనిపించింది. మా కడుపు డాక్టరు నోట్లోంచి కెమెరా పంపి, ఆ సన్నబడినచోట స్టెంటు పెట్టాడు. పచ్చదనం తగ్గింది. అక్కడ గీకి తీసిన కణాల రిపోర్టు మాత్రం అటూ ఇటూ కాకుండా వచ్చింది. క్యాన్సరేనని ఆయన అనుమానం. కోస్తే పెద్ద ఆపరేషన్, కార్జంలో కొంత భాగం కూడా తీసేయాలి.

"మేడమ్, సర్జరీకి ముందు ఒక్కసారి మోషన్ టెస్ట్ చేద్దాం" అన్నాడు నాతో ఫోన్లో. ఆయనది హైదరాబాదు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. "చెరువు పక్కన పెరిగే ఆకులు కోసి అమ్ముతుందట, పచ్చివి కూడా నములుతుందట. వన్ పర్సెంట్ ఛాన్స్. కానీ పురుగైతే అనవసరంగా కోసినవాళ్ళమవుతాం కదా."

కార్జపు జలగ అని ఒక పురుగుంది. పేరుకే జలగ. చూడ్డానికి చిన్న ఆకులా చదునుగా ఉంటుంది. గొర్రెలకీ పశువులకీ వస్తుంది, ఎప్పుడో అరుదుగా మనుషులకీ వస్తుంది. తడినేలల్లో పెరిగే ఆకులకి దాని పిల్లలు అంటుకుని ఉంటాయి. ఆ ఆకుల్ని పచ్చిగా తిన్నవాళ్ళ కార్జంలోకి దూరి, చివరికి పైత్యం గొట్టంలో కాపురం పెడుతుంది. అక్కడ పెట్టిన గుడ్లు పైత్యంతో పాటు పేగుల్లోకి దిగి మలంలో బయటికొస్తాయి. కాబట్టి మలంలో గుడ్డు కనిపిస్తే గొట్టంలో పురుగు ఉన్నట్టు. నేను చదువుకున్న పుస్తకంలో ఇంతే ఉంటుంది, చివర్లో ఒక్క వాక్యం తప్ప. ఆ వాక్యం సంగతి కాసేపట్లో చెప్తాను.

డబ్బా తెచ్చినరోజు ఆమె ముఖం దాచుకోలేదు. కౌంటరు మీద పెట్టి, కిటికీలో తల దూర్చి లోపలంతా చూసింది.

"ఇంతమంది ఉండారు, దీన్ని చూసేది ఎవురు మా?"

"నేనే పెద్దమ్మా."

"అయ్యో పాపం. పొద్దున్నే ఇదేనా నీకు" అంది. ఇరవై ఆరేళ్ళలో నా మీద జాలిపడ్డ మొదటి పేషెంటు.

నాలుగో స్లైడులో కనిపించింది. పెద్దది, కోలగా, తేనెరంగులో, ఒక కొసన సన్నటి మూత గీత. శిక్షణలో ఉన్నప్పుడు సీసాలో నిలవ ఉంచినది చూశాను, ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇంకో స్లైడు వేశాను, అందులో రెండు. అప్పుడు నాకు కలిగింది ఏమిటో దాచుకోను, గర్వమే. మెషిన్ల దగ్గర కూర్చునే పిల్లలందరినీ పిలిచి చూపించాను. డాక్టరు ఓపీ వదిలేసి మెట్లెక్కి వచ్చాడు. చూసి, తల ఎత్తి, "మేడమ్, మీరు ఒక మనిషి కడుపు కోయకుండా ఆపారు" అన్నాడు.

అలాంటి మాట మా గదిలో ఎవరూ అనగా వినలేదు. మాకు వచ్చే ఫోన్లన్నీ రిపోర్టు ఎందుకు ఆలస్యమైందనే. ఆరోజు మధ్యాహ్నం డబ్బాలోని పెరుగన్నం నాకు బిర్యానీలా అనిపించింది.

ఒక్క చిన్న ముల్లు మాత్రం ఉంది. ఇలాంటి పురుగు ఒంట్లో చేరితే రక్తంలో ఒక రకం తెల్లకణాలు పెరుగుతాయి. ఆమె రక్తం స్లైడు కూడా నేనే చూశాను. అవి మామూలుగానే ఉన్నాయి. పాత పురుగైతే పెరగకపోవచ్చులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధమూ కాదు. కానీ నిజంగా ఆలోచించి చెప్పుకున్న మాటా కాదు. అలసిపోయినవాళ్ళకి తొందరగా నమ్మకం కుదురుతుంది.

ఆపరేషన్ తేదీ రద్దయింది. ఆ పురుగుకి పనిచేసే మందు మామూలు షాపుల్లో దొరకదు, బయట నుంచి తెప్పించాలి. ఈలోగా ఇంటికి పంపించారు. వెళ్తూ వెళ్తూ తల్లీకూతుళ్ళిద్దరూ ల్యాబు దగ్గరికొచ్చారు. కూతురు ఒక అపార్టుమెంట్లో వంట చేస్తుంది, మాట్లాడేలోపే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. తల్లి కొంగులోంచి ఒక కట్ట తీసి కిటికీలో పెట్టింది. సరస్వతి ఆకు. ఆమె దాన్ని ఒందెలగ అంటుంది.

"బాగా కడుక్కో మా. పురుగు ఉంటాదంట" అని నవ్వింది.

ఆ తర్వాత రెండో ఆదివారం. ఆరాధన నుంచి వచ్చేసరికి మా ఆయన మటన్ తెచ్చి ఉంచారు, దాంతో పాటు పావుకిలో కార్జం. మా ఇంట్లో ఆదివారం అంటే మొదట మిరియాలేసి వేయించిన కార్జం, తర్వాతే కూర. సింకు దగ్గర నిలబడి ముక్కలు కోస్తున్నాను. ఒకచోట కత్తి ఆగింది. గొట్టం ఒకటి తెల్లగా, గట్టిగా, సుద్దముక్క తగిలినట్టు కరకరమంది. ఇలాంటివి కసాయివాళ్ళు మామూలుగా కోసి పారేస్తారు, ఇది కంటపడలేదేమో. వేలితో నొక్కితే బూడిదరంగు ఆకు ఒకటి మెల్లగా బయటికొచ్చింది.

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. పుస్తకంలో చివరి వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. మాకు పాఠం చెప్పిన సారు రెండుసార్లు చదివించిన వాక్యం. పురుగున్న గొర్రె కార్జం తిన్న మనిషి మలంలో కూడా ఆ గుడ్లు కనిపిస్తాయి. ఉడికించినా పెంకు కరగదు. నోట్లో వెళ్ళి, అట్నుంచి అలాగే బయటికి పోతాయి. ఆ మనిషికి ఏ పురుగూ ఉండదు. అందుకని గుడ్డు కనబడగానే మొదట అడగాల్సింది, ఏం తిన్నారని.

నేను అడగలేదు. ఆమె ఆకులు నములుతుందని విన్నాను, అది చాలనుకున్నాను. చేతులు కడుక్కుని కూతురికి ఫోన్ చేశాను.

"అమ్మకి ఈమధ్య కార్జం ఏమైనా పెట్టారా?"

"పెట్టినాం అక్కా! దినం వదిలి దినం పెడ్తాండా" అంది సంతోషంగా. "కామెర్లన్నప్పుడు ఉప్పూకారం లేకుండా పత్యం పెట్టినాం. స్టెంటు పెట్టినంక డాక్టరప్పా చెప్పినాడు, రక్తం తక్కువ ఉండాది, ఆపరేషన్‌కి బలం కావల్ల అని. కార్జానికి జబ్బొస్తే కార్జమే పెట్టల్ల కదక్కా. సంతలో మటన్ కొట్టు అన్న మాకోసరమని ఎత్తి పెడ్తాడు. ఏమక్కా, ఇంకా ఎక్కువ పెట్టల్లా?"

టెస్టుకి డబ్బా తెచ్చిన వారంలో కూడా పెట్టావా అని అడిగాను. ఆ వారమే మొదలుపెట్టిందట. రక్తహీనత అన్న ప్రతి తెలుగింట్లోనూ చేసే పనే. మా అమ్మా నాకు ప్రతి కాన్పు తర్వాత అదే పెట్టింది. ఈ సంగతి తెలియని ఊళ్ళో పుట్టిన టెక్నీషియన్ని కాను నేను. తెలిసి కూడా అడగకపోవడానికి నాకు ఏ సాకూ దొరకలేదు. ఆరోజు మా ఇంట్లో కార్జం వండలేదు. ఎందుకని మా ఆయన అడిగితే తలనొప్పి అన్నాను.

సోమవారం డాక్టరుకి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండేది.

"నేను కూడా అడగలేదు మేడమ్" అన్నాడు. "వారం రోజులు లివర్ ఆపించండి. లాస్ట్ త్రీ డేస్ శాంపిల్స్ చూద్దాం. అప్పటిదాకా మందు వద్దు."

తల్లీకూతుళ్ళని పిలిపించి నేనే చెప్పాను. వారం రోజులు కార్జం వద్దు, ఏ రూపంలోనూ వద్దు, ఒక్క ముక్క తిన్నా టెస్టు పాడవుతుంది అన్నాను. గట్టిగానే చెప్పాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు కటువుగా వస్తుంది, ఆ గుణం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు ఆపాలో కూడా చెప్పాను. మొదటిసారి దొరికిన గుడ్లు గొర్రెవి అయ్యుండొచ్చు అన్నాను.

కూతురు ఏడ్చింది. తల్లి మాత్రం, "అట్లయితే పురుగు నాకి కాదు, గొర్రికా?" అంది.

"కావచ్చు పెద్దమ్మా."

"పాపం, దానికీ జబ్బే ఉండె" అంది.

ఆ వారం చివర మూడు రోజులూ మూడు డబ్బాలొచ్చాయి. ఒక్కో డబ్బాకి మామూలుగా రెండు స్లైడులు చూస్తాం. నేను ఇరవై చూశాను. తేర్చి చూశాను, వడగట్టి చూశాను, అడుగున చేరినదాన్ని చూశాను. ఇరవై ఆరేళ్ళు ఎవరి మలంలోనూ ఏమీ ఉండకూడదనే కోరుకున్న మనిషిని, ఆ మూడు రోజులూ ఒక్క గుడ్డు ప్రభువా, ఒకే ఒక్కటి, అని ప్రార్థించాను. పురుగు కోసం ప్రార్థించిన విశ్వాసి లోకంలో ఇంకొకరు ఉండరు. చిక్కుడు పీచు కనిపించింది. ఆకు తొక్కలు కనిపించాయి. గాలిబుడగ ఒకటి గుడ్డులా కనిపించి మోసం చేసింది. అంతే. మూడు రిపోర్టుల్లోనూ 'ఏమీ లేదు' అని నా చేత్తోనే రాశాను.

మళ్ళీ ఆపరేషన్ తేదీ వేశారు. మొదటి తేదీకి మూడు వారాల తర్వాత. కోసి చూసి, క్యాన్సరు పక్కకి పాకిందని మళ్ళీ కుట్టేశారు. మూడు వారాల్లో ఇంత పాకదు మేడమ్, ఇది ముందు నుంచే ఉంది, అన్నాడు డాక్టరు. నేను అడగకుండానే, మెట్ల దగ్గర ఆపి మరీ చెప్పాడు. ఆయన మంచివాడు. ఆ మాట నిజమే అయ్యుంటుంది. నిజమో కాదో చూసి చెప్పే స్లైడు నా దగ్గర లేదు.

తర్వాత ఆమె క్యాన్సరు మందు ఎక్కించుకోవడానికి వస్తుండేది. ఎక్కించే ముందు రక్తం చూడాలి కాబట్టి ప్రతిసారీ మా కిటికీ దగ్గరికే. మనిషి సగమైంది. కళ్ళు మళ్ళీ పచ్చబడితే స్టెంటు మార్చారు. కిటికీ ముందు ఎప్పుడూ పదిహేనుమంది క్యూ. ఆమె చెయ్యి చాపి, సూది గుచ్చేటప్పుడు నాతో మెల్లగా ఏదో చెప్తుండేది. వెనకాల వాళ్ళు తోస్తుంటారు, ఫోను మోగుతుంటుంది. నేను సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా అని దూది నొక్కి పంపించేదాన్ని. నిజం చెప్పాలంటే ఆమె కళ్ళలోకి చూడడం నాకు కష్టంగా ఉండేది. క్యూ ఉండడం ఒక విధంగా నాకు సుఖంగానే ఉండేది.

ఏడు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. ఇంక మందు ఎక్కించడం లేదని, ఇంటికి తీసుకుపొమ్మన్నారని, ఏం అడిగితే అది పెట్టమన్నారని చెప్పింది. అప్పటికే నాకు తెలుసు. రిపోర్టులు నా చేతుల మీదుగానే కదా వెళ్ళేది.

"అక్కా, ఒకటి అడుగుతా, బేజారు చేసుకోవద్దు" అంది. "అమ్మ కార్జం కావల్లంటాంది. పెట్టొచ్చునా?"

నాకు అర్థం కాలేదు. "ఎందుకు పెట్టకూడదు?"

"నువ్వే వద్దంటివి గదక్కా. ఒక్క ముక్క తిన్నా టెస్టు చెడిపోతాదని."

"అది ఆ ఒక్క వారానికే కదమ్మా!"

అప్పుడు మెల్లగా చెప్పింది. ఇన్ని నెలలూ ఇంట్లో కార్జం వండలేదట. ప్రతి నెలా రక్తం టెస్టు ఉంది కదా, మళ్ళీ చెడిపోతుందేమోనని. సంతలో అన్న తీసిపెట్టినా వద్దని పంపించేవాళ్ళట. "ముందు తప్పయింది నాతోనే, నేను తినకుంటే ఆ యమ్మకి చెడ్డపేరు వచ్చుండదు అంటాది అమ్మ. ప్రతిసారీ నీతో చెప్పింటాదే, వారం నుంచీ తినలేదు మా, ధైర్యంగా చూడు అని. నువ్వు సరే అంటివంట."

ఫోన్ పెట్టేసి స్టోరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. పాత మైక్రోస్కోపుల పక్కన, తలుపు దగ్గరికి వేసి, ఏడ్చాను. ఆమె తప్పేమీ లేదు. అడగాల్సింది నేను, అడగలేదు. ఆపమన్నది నేను, మళ్ళీ తినమని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. మూడోది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే హీనమైనది. ఆమె ప్రతిసారీ చెప్తూనే ఉంది, నేను వినకుండా తలూపాను.

మర్నాడు సెలవు పెట్టాను. మటన్ షాపులో నిలబడి, కార్జం తిప్పి తిప్పి చూసి, ప్రతి గొట్టం వేలితో తడిమి తీసుకున్నాను. కొట్టు అతను వింతగా చూశాడు. ఇంట్లో బాగా ఉడకనిచ్చి, మిరియాలు తక్కువేసి, కొత్తిమీర చల్లి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని కాడుగోడి వెళ్ళాను. స్టేషను వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఆమె మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"రక్తం తీస్తావా మా? నేనేమీ తినలేదు."

"లేదు పెద్దమ్మా. టెస్టులైపోయాయి. ఇంక ఏ టెస్టూ లేదు." అలా చెప్పకూడదేమో. కానీ నా నోటికి వచ్చింది అదే. "తప్పు నీది కాదు. అడగకపోవడం నాది. నీది కానేకాదు."

ఆమె నా చేతి వైపు చూసింది. డబ్బా మూత తీయగానే వాసన గదంతా వచ్చింది. కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టాను. మెల్లగా, చాలాసేపు నమిలింది. రెండో ముక్కకి తల అడ్డంగా ఊపింది, మింగలేనంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"పత్యం వంట ఇది. ఇంగ రొంత కారం ఎయ్యల్ల" అంది. "ఇప్పుడు తిన్న్యా గదా, నీకేం ఇబ్బంది లేదు గదా మా?" అని అడిగింది.

లేదు అన్నాను.